నా చెయ్యి పడిన పడవ

ఆ వేసవి సంగతి ఎవరైనా ఎత్తితే మా అన్నయ్య “ఆ పడవ గొడవేగా” అని తీసిపారేస్తాడు. గొడవ అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. గొడవంటే ఇద్దరూ అరుచుకోవాలి. అక్కడ అరిచింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళందరూ చాలా మర్యాదగా, నెమ్మదిగా, గొంతు పెంచకుండా నా పనిని నా చేతుల్లోంచి లాగేసుకున్నారు.

కాలువలు కట్టేసిన రోజుల్లో మొదలైంది. బెజవాడ కాలువల్లో నీళ్ళు ఆపేశాక అడుగున ఉన్న చెత్తంతా బయటపడి ఊరు ఊరంతా కంపు కొడుతుంది. గవర్నర్‌పేటలో మా షాపు మేడ మీద. కింద హోల్‌సేల్ స్టేషనరీ వాళ్ళు, పైన మేము. అపార్టుమెంట్లు, విల్లాలు, కాలేజీ బిల్డింగులు కట్టకముందే జనానికి చూపించడానికి బిల్డర్లు చిన్న నమూనాలు చేయించుకుంటారు కదా, అవి మా పని. బోర్డు మీద ‘సూర్యా మోడల్స్’ అని ఉంటుంది. సూర్యప్రకాష్ మా అన్నయ్య. వాడు ఆర్డర్లు తెస్తాడు, వచ్చినవాళ్ళకి కాఫీలు పోయిస్తాడు, ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడతాడు. కోసి, అతికించి, రంగులేసేది నేను. నా పేరు దుర్గ. పెళ్ళయింది, పొసగలేదు, గుణదలలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. ఆ కథ ఇక్కడ అనవసరం.

మా నాన్న కొండలయ్య పడవలు కట్టే వడ్రంగి. బందరు అవతల, సముద్రపు పాయ ఒడ్డున ఇసకలో ఆయన చెక్క పడవలు కట్టేవాడు. ఫైబర్ పడవలు వచ్చాక చెక్క పడవ అడిగేవాడు లేకపోయాడు. అప్పుడే బెజవాడ వచ్చేశాం. మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. కడుతున్న పడవని ఆడవాళ్ళు ముట్టుకోకూడదు. అది నీళ్ళలోకి దిగేదాకా దాని నీడలో కూడా నిలబడనివ్వరు. మా అమ్మ నాన్నకి కారియర్ పట్టుకెళ్ళి, అల్లంత దూరాన ఇసకలో పెట్టి, ఓ కేకేసి వెనక్కి వచ్చేసేది. పెళ్ళయిన నాటి నుంచీ అంతే. నాన్న కట్టిన పడవ ఒక్కదాన్ని కూడా ఆవిడ చేత్తో తాకలేదు.

నాకు మాత్రం నాన్న పనంతా నేర్పాడు. ఎలాగంటే, మిగిలిపోయిన చెక్క ముక్కలతో చిన్న చిన్న పడవలు చేయించేవాడు. “బొమ్మేగా, దీనికేం పట్టింపు” అనేవాడు. ఉలి పట్టడం, చిత్రిక పట్టడం, చెక్కలో నరం ఎటు పోతుందో చూసుకోవడం, బద్దని కాపి వంచడం, అన్నీ నాకు బొమ్మల మీదే వచ్చాయి. అన్నయ్యకి నేర్పాలనే ఆయన ఆశ. వాడికి రంపపు పొట్టు పడదు. తుమ్ములు.

ఆ ఏప్రిల్‌లో జయకృష్ణ గారని ఒకాయన మా మెట్లెక్కి వచ్చాడు. చల్లపల్లి వైపు రైతు కుటుంబం. ఇప్పుడు రొయ్యలు ఎగుమతి చేస్తాడు, కృష్ణ ఒడ్డున రిసార్టు కట్టాడు. ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. చెన్నైలో లంగరేసి ఉన్న తెల్లటి యాట్. సన్నగా, పొడుగ్గా, ఆకాశంలోకి లేచిన కొయ్యకి రెండు తెరచాపలు.

“ఇది నాదే. అచ్చం ఇలాగే, మూడడుగులది కావాలి. రిసార్టులో రిసెప్షన్ ఎదురుగా గాజు పెట్టెలో పెడతాను. ప్లాస్టిక్ వద్దండీ. చెక్కతో, చేత్తో చేసింది కావాలి,” అన్నాడు.

“మాది పడవలు కట్టే కుటుంబం సార్,” అన్నాడు అన్నయ్య ఛాతీ విరుచుకుని. “మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్య.”

నేను మూలన కూర్చుని ఒక అపార్టుమెంటుకి బాల్కనీలు అతికిస్తున్నాను. జయకృష్ణ గారు నా వైపు చూశాడు.

“మా చెల్లెలు సార్. హెల్ప్ చేస్తుంది,” అన్నాడు అన్నయ్య.

హెల్ప్! అప్పుడే ఆ గమ్ము డబ్బా వాడి నెత్తిన పెట్టి ఉంటే సగం కథ తప్పేది. కానీ నేను ఫొటో చూస్తున్నాను. ఆ పడవ అడుగు అంత నాజూగ్గా ఎలా తిరిగిందా అని చూస్తున్నాను. నాకు వేరే ధ్యాస లేదు.

యాట్ కట్టిన కంపెనీ వాళ్ళ డ్రాయింగులు తెప్పించుకుని ప్రతి కొలతా కుదించుకున్నాను. ప్లైవుడ్‌లో అడ్డ చట్రాలు కోసి అడుగు దూలం మీద వరసగా నిలబెట్టాను. చేప ముల్లులా తయారైంది. దాని మీద టేకు బద్దలు ఒక్కొక్కటే వంచి అతకాలి. టేకు ఊరికే వంగదు. ఇంట్లో కుక్కర్ పట్టుకొచ్చి, విజిల్ తీసి, రబ్బరు గొట్టం తగిలించి, ఆవిరిని ఒక ప్లాస్టిక్ పైపులోకి పంపి అందులో బద్దల్ని ఉడికించాను. మెత్తబడ్డ బద్దని వేడి చల్లారకముందే చట్రాలకి వంచి క్లిప్పులు బిగించాలి. వేళ్ళు కాలతాయి. కాలాయి.

“పప్పు వండుకునే కుక్కర్లో కట్టెలు ఉడకేస్తన్నావేందే, ఎవరన్నా వింటే నవ్విపోతారు,” అంది అమ్మ.

నాన్న సాయంత్రాలు షాపుకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఆయనకి చేతులు వణుకుతాయి, ఉలి పట్టి చాలా కాలమైంది. “కళ్ళు మూసుకుని చెయ్యి పోనీ. కంటికి కనపడని ఎత్తుపల్లాలు అరిచేతికి తెలుస్తాయి,” అనేవాడు. నేను కళ్ళు మూసుకుని పక్క పొడుగునా చెయ్యి పోనిచ్చేదాన్ని. ఎక్కడో చిన్న ఉబ్బు తగిలేది. మళ్ళీ ఎమరీ కాగితం పట్టేదాన్ని. నిజం చెప్పాలంటే అవి నా జీవితంలో మంచి రోజులు. అందుకే తర్వాత జరిగినదానికి అంత మండింది.

పడవ అడుగున ఒక రెక్క, ఆ రెక్క చివర సీసపు ముద్ద ఉంటాయి ఈ రకం పడవలకి. నాన్న వలలకి కట్టే సీసం గుళ్ళు ఇంట్లో ఓ డబ్బాలో పడి ఉంటే కరిగించి, అచ్చు పోసి, కీరదోసకాయ ఆకారంలో తయారుచేసి రెక్కకి బిగించాను. గాజు పెట్టెలో కూర్చునేదానికి నిజం సీసం ఎందుకని అన్నయ్య గొణిగాడు. చేసేదేదో సరిగ్గా చేద్దామన్నాను.

నాన్నకీ అది నచ్చలేదు. “ఇదేందమ్మాయ్, అడుక్కి రెక్కా, దానికో ముద్దా?”

“ఈ రకం పడవకి అంతే నాన్నా. గాలికి పక్కకి వొరిగితే ఈ బరువే మళ్ళీ నిలబెడుద్ది.”

“మన రేవుల్లో ఇది బురదలో దిగబడి చస్తది.”

“మన రేవులోకి రాదుగా. లోతు నీళ్ళలో తిరిగేది.”

“సర్లే. బొమ్మేగా,” అన్నాడు.

పక్కలు సగం మూసుకున్నాక ఒక రోజు అన్నయ్య ఫోన్ పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. “దుర్గా, ఆ గాజులు ఒకసారి తీసెయ్యి. వీడియోలో చప్పుడొస్తంది.”

తీసేశాను. నా బుద్ధి అలా ఏడిసింది. మర్నాడు మా పిన్ని కూతురు ఆ వీడియో నాకే పంపింది, ‘అన్నయ్య భలే చేస్తున్నాడే’ అంటూ. నా వేళ్ళు, బొటనవేలి మీద నా కాలిన మచ్చ, కింద అక్షరాలు: ‘నాన్న నేర్పిన విద్య, నా చేతి పని.’ చేతుల తర్వాత అన్నయ్య మొహం, కొత్త చొక్కాలో.

“ఏంటిది అన్నయ్యా?” అని ఫోన్ వాడి మొహం ముందు పెట్టాను.

“మార్కెటింగ్ దుర్గా. నీకు తెలీదులే. ఎవరి చెయ్యయితే ఏంటి, మన ఇంటి చెయ్యేగా.”

“మరి నా మొహం ఎందుకు పెట్టలేదు? మన ఇంటి మొహమేగా అది కూడా.”

వాడు నవ్వి ఫోన్ వస్తోందని బయటికి వెళ్ళిపోయాడు. ఫోనేమీ రాలేదు. పైపులో బద్ద ఉడికిపోయి ఉంది, చల్లారితే పనికిరాదు. పళ్ళు కొరుక్కుంటూ దాన్ని తీసి వంచాను.

మే నెల సగంలో జయకృష్ణ గారు ఫోన్ చేశాడు. అన్నయ్య స్పీకర్ ఆన్ చేశాడు. “సూర్యప్రకాష్ గారూ, మా నాన్నగారికి ఈ నెలాఖరుకి ఎనభై నిండుతున్నాయి. రిసార్టులో ఫంక్షన్ చేస్తున్నాం. ఆ పడవని ముందు ఆయన చేతుల మీదుగా కృష్ణలోకి వదులుదాం, తర్వాత గాజు పెట్టెలో పెడదాం. తేలుతుందా?”

“ఎందుకు తేలదు సార్! బ్రహ్మాండంగా తేలుద్ది!”

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సీసం పోసింది ఊరికే పోలేదు, అనుకున్నాను. నాన్న టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గ్లాసు కిటికీలో పెట్టాడు.

“నీళ్ళలోకి దించుతారంటనా?”

“అవును నాన్నా, కృష్ణలోకే,” అన్నాడు అన్నయ్య.

“అయితే ఇంక అది పడవేగా,” అన్నాడు నాన్న. మళ్ళీ గ్లాసు తీసుకుని మిగిలిన టీ తాగేశాడు. “అమ్మాయ్, రేపట్నుంచి నువ్వు దాన్ని ముట్టుకోమాక.”

నేను నవ్వాను. వేళాకోళం అనుకున్నాను. ఆయన నవ్వలేదు.

“నాన్నా, ఇది మూడడుగులది. ఇందులో ఎవరెక్కుతారు? ఏ సముద్రం మీదకి పోతది?”

“చిన్నదా పెద్దదా అని కాదమ్మా. నీళ్ళు చూసేది పడవ. పడవకి పట్టింపు ఉంది. సూర్యాన్ని పెట్టుకుని మిగతాది నేను చేయిస్తా.”

“వాడికి ఉలి ఎటు పట్టుకోవాలో తెలీదు!”

“అదే వస్తది,” అన్నాడు అన్నయ్య. వాడి మొహంలో వెలుగు చూడాలి. వీడియోలో దొంగిలించింది ఇప్పుడు శాస్త్రప్రకారం వాడిదైపోయింది.

ఇంటికెళ్ళి అమ్మ మీద విరుచుకుపడ్డాను. ఆవిడ కూర తాలింపేస్తూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది: “ముట్టుకోకపోతే ఏం కొంప మునిగింది? చాలా మటుకు అయిపోయిందిగా. మిగిలింది వాళ్ళు చేసుకుంటారు.”

“అయిపోయినదంతా నేను ముట్టుకున్నదేగా. మరి దాన్నేం చేస్తారంట?”

“పసుపు నీళ్ళు చల్లుతారు.”

నిజంగానే చల్లారు. మర్నాడు నేను ఎండనపడి గుణదల నుంచి సిటీ బస్సులో వెళ్ళేసరికి పడవ నా బల్ల మీద లేదు. పక్క గదిలో పీట మీద పెట్టి, ముందు భాగానికి వేపమండ కట్టి, పక్కల పొడుగునా పసుపు నీళ్ళు చల్లారు. నేను అన్ని వారాలు అరిచేత్తో నునుపు చేసిన టేకు మీద పసుపు మరకలు. నా చెయ్యి మైల కాబట్టి కడిగారన్నమాట. గుమ్మంలో నిలబడి ఏడుపు ఆపుకున్నాను. కోపానికి కూడా ఏడుపే వస్తుంది నాకు, అదొక దరిద్రం.

“తెరచాపలు కుట్టొచ్చులే నువ్వు. అది గుడ్డేగా,” అన్నాడు నాన్న, నామీద జాలిపడి. కుట్టాను. సన్నటి నూలు గుడ్డ, అంచుల్లో దారం కనపడకుండా కుట్టాను. మెషీను తొక్కినంతసేపూ ఇద్దర్నీ తిడుతూనే ఉన్నాను, వినపడేలాగే.

కుట్టిన చాపలు ఇవ్వడానికి పక్క గది గుమ్మం దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. బల్ల కింద, చెత్తలో, నా సీసపు ముద్ద. పడవ రెక్కకి అదే ఆకారంలో చెక్క ముక్క ఉంది, పైన బూడిద రంగు.

“సీసం ఎందుకు తీశారు?”

“నీళ్ళలోకి పోయే పడవకి కింద బరువు వేలాడదీస్తారంటే? లాగి ముంచుద్ది,” అన్నాడు నాన్న. “లోపల ఇసక మూటలు సర్దించాను. బరువెప్పుడూ పడవ కడుపులో ఉండాలి.”

“నాన్నా, అది మన పడవ. బల్లపరుపు అడుగు, ఒడ్డుకి లాక్కోవడానికి కట్టింది. దానికి ఇసక మూటలు చాలు. ఇది సన్నం, పైన ఇంత పొడుగు కొయ్య. గాలి కొడితే నిలబెట్టేది ఆ సీసమే. ఆ రోజు చెప్పాను కదా నీకు.”

“అప్పుడది బొమ్మ. నేను కట్టిన పడవల్లో ఒక్కటన్నా బోర్లా పడిందంటే? పడవ సంగతి నాకు చెప్తావా?”

“పెద్దాయనతో వాదనెందుకే,” అన్నాడు అన్నయ్య, ముక్కుకి గుడ్డ కట్టుకుని.

వంగి ఆ సీసం తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. మర్నాడు మళ్ళీ చెప్పాను. ఫంక్షన్ రోజు పొద్దున కారెక్కేముందు కూడా అన్నయ్యని పక్కకి పిలిచి, “రెండు స్క్రూలు అన్నయ్యా, నువ్వే బిగించు, నేను ముట్టుకోను,” అని బతిమాలాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే చిరాకు. “మంచిరోజు పూట మొదలెట్టమాక,” అన్నాడు.

రిసార్టు లాన్ నది దాకా ఉంది. షామియానాలు, సన్నాయి, పట్టుచీరలు. జయకృష్ణ గారి నాన్నగారు రామకోటేశ్వరరావు గారిని కుర్చీతో సహా నీటి మెట్ల దాకా తీసుకొచ్చారు. నాన్న కొత్త పంచె కట్టాడు. అన్నయ్య తెల్ల కుర్తాలో పడవని రెండు చేతుల్లో ఎత్తుకుని జనం మధ్య నుంచి నడిచాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ వెనక నిలబెట్టింది. “దగ్గరికి పోమాక,” అంది. నా బ్యాగు నా భుజాన బరువుగా వేలాడుతోంది.

కొబ్బరికాయ కొట్టారు. పెద్దాయన పడవ వెనక భాగం పట్టుకుని మెల్లిగా తోశాడు. నీళ్ళలోకి జారింది. చాపలు నిండాయి. ఎంత అందంగా ఉందో! నేను వంచిన ప్రతి బద్దా నాకు కనపడింది. చప్పట్లు కొట్టారు. జనం నది వైపు ఫోన్లు ఎత్తారు. ఒక్క క్షణం నేను కూడా నాన్న మాటే నిజం కావాలని కోరుకున్నాను.

పడమటి గాలి ఒక్క విసురు విసిరింది. పడవ వొరిగింది. లోపల ఇసక మూటలు ఆ పక్కకే జారినట్టున్నాయి, ఇక లేవలేదు. తెరచాపలు నీళ్ళ మీద చప్పున పరుచుకున్నాయి. చెక్క ముక్క బిగించిన రెక్క పైకి తేలి అందరికీ కనపడింది.

సన్నాయి ఆగిపోయింది. “అయ్యో, పుట్టినరోజు పూట” అని ఎవరో అన్నారు. జయకృష్ణ గారి మొహం ఎర్రబడింది. “ఏంటండీ సూర్యప్రకాష్ గారూ ఇది?”

అన్నయ్య మెట్టు మీద నిలబడి మా నాన్న వంక చూశాడు. తర్వాత జనంలో నా వంక చూశాడు.

“మా చెల్లెలు చెయ్యి పడింది సార్,” అన్నాడు. “పడవని ఆడవాళ్ళు ముట్టుకోకూడదు, మా వాళ్ళలో పట్టింపు. మొదట్నుంచీ అదే చేసింది, మేం చూసుకోలేదు.”

అదే చేసింది! ఇన్నాళ్ళకి ఆ మాట వాడి నోట్లోంచి వచ్చింది. వీడియోలో రాలేదు, బేరంలో రాలేదు, పడవ బోర్లా పడ్డాక వచ్చింది. నేను అమ్మ చెయ్యి విదిలించుకుని ఆడవాళ్ళని నెట్టుకుంటూ ముందుకు వెళ్ళాను. బ్యాగులోంచి సీసం తీసి జయకృష్ణ గారి కాళ్ళ దగ్గర మెట్టు మీద పెట్టాను. రాయి పడ్డంత చప్పుడైంది.

“చేసింది నేనే సార్. చెయ్యి పడి బోర్లా పడలేదు. ఇది తీసేసినందుకు పడింది. తీయించింది మా నాన్న. వద్దని నేను చెప్తూనే ఉన్నాను. ఆయన ఇక్కడే ఉన్నాడు, అడగండి.”

అందరూ నాన్న వైపు తిరిగారు. కుర్చీలో పెద్దాయన కూడా. నాన్న సీసం వంక చూశాడు, నది వంక చూశాడు. కండువా సర్దుకున్నాడు.

ఎదురుచూశాను. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని.

“చాల్లెండమ్మా,” అన్నాడు జయకృష్ణ గారు. “మా నాన్నగారి ఫంక్షన్లో మీ ఇంటి పంచాయితీ ఏంటి? దాన్ని తీసుకుని బయల్దేరండి.”

చీరతోనే నడుం లోతు నీళ్ళలోకి దిగి పడవని రెండు చేతులా ఎత్తుకుని బయటికొచ్చాను. మా వాళ్ళెవరూ వద్దనలేదు. అప్పటికి దానికి పట్టింపు పోయింది కాబోలు, పనికిరాని వస్తువైంది కదా.

ఎవరో తీసిన వీడియో ఆ సాయంత్రానికే ఊరంతా తిరిగింది. పడవ పడిపోవడం, మా అన్నయ్య గొంతు, ‘మా చెల్లెలు చెయ్యి పడింది సార్.’ అక్కడికి కోసేశారు. సీసం సంగతి అందులో లేదు. మా పిన్ని కూతురు అది కూడా పంపింది, ఏడుపు బొమ్మతో.

నేను షాపు మానేశాను. గుణదల ఇంట్లో వరండాలో బల్ల వేసుకుని పడవని పెట్టుకున్నాను. జయకృష్ణ గారు మళ్ళీ దాని ఊసెత్తలేదు. అడిగినా ఇచ్చేదాన్ని కాదు. ఇసక తీసేశాను. పసుపు మరకలు పోయేదాకా పట్టు పట్టి ఎమరీ పట్టాను. ఉబ్బిన బద్దలు రెండు ఊడదీసి కొత్తవి వంచాను. కుక్కర్ మళ్ళీ తీసుకున్నాను, ఈసారి అమ్మ ఏమీ అనలేదు.

అన్నయ్య ఒక రోజు మామిడిపళ్ళు పట్టుకుని వచ్చాడు. “అపార్టుమెంటు మోడల్ ఆగిపోయింది దుర్గా, వాళ్ళు తిడుతున్నారు. రా. ఆ రోజేదో నోరు జారింది.”

“జారిన మాట వెనక్కి తీసుకో. ఆ రిసార్టుకి పోయి, వాళ్ళందరి ముందూ.”

“అదెలా కుదురుద్ది?”

“అయితే ఇదీ కుదరదు.”

పళ్ళు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాన్న ఆ వారాలన్నీ నాతో మాట్లాడలేదు. వరండాలో మంచం మీద పడుకుని నా పని చూసేవాడు. సీసాన్ని మళ్ళీ రెక్కకి బిగిస్తుంటే లేచి కూర్చున్నాడు. అమ్మ లోపలుందో లేదో చూసుకుని, “తీయించడం తప్పేలే అమ్మాయ్,” అన్నాడు నెమ్మదిగా.

“నాకెందుకు చెప్తున్నావు నాన్నా? నాకు ముందే తెలుసుగా.”

ఆయన మళ్ళీ పడుకున్నాడు. నేను స్క్రూ బిగించాను. అంత గట్టిగా బిగించక్కర్లేదు నిజానికి.

జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారు. కంపు పోయింది. ఒక ఆదివారం పొద్దున ఆటో పిలిచి, నది దగ్గరికి పోతున్నానని మాత్రం చెప్పాను. పడవ కొయ్య ఆటోలో పట్టలేదు. అమ్మ వచ్చి కొయ్య పట్టుకుని వొంచి లోపలికి సర్దింది. సర్దాక గానీ గుర్తు రాలేదు కాబోలు, చెయ్యి లాక్కుని చీరకి తుడుచుకుంది. నేను ఆమె వంకే చూస్తున్నాను. మళ్ళీ చెయ్యి పెట్టి, పడవ పక్క మీద అరిచెయ్యి మెల్లిగా పోనిచ్చింది. “నున్నగా ఉందే,” అంది. నాన్న చెప్పులేసుకుని వచ్చి, ఎవరూ పిలవకుండానే డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

భవానీపురం వైపు రేవులో దిగాం. ఆదివారం కాబట్టి జనం బాగానే ఉన్నారు. పడవ వెనక నైలాన్ దారం కట్టి నీళ్ళలోకి దిగి వదిలాను. కొబ్బరికాయ లేదు, ఏమీ లేదు. గాలి తగలగానే చాపలు నిండి వొరిగింది. వొరిగిన పడవ మెల్లిగా లేచి నిలబడింది. మళ్ళీ గాలి, మళ్ళీ వొరగడం, మళ్ళీ లేవడం. దారం నా వేళ్ళ మధ్య నుంచి పరిగెత్తుతోంది.

జనం మూగారు. తడి తువ్వాలు చుట్టుకున్న ఒకాయన కళ్ళు చికిలించి చూసి, నన్ను కాదు, నాన్నని అడిగాడు, మగవాడు కదా: “ఏవండీ, మొన్న ఫోన్లో వచ్చింది, ఆడమనిషి చెయ్యి పడి బోర్లా పడిందని. ఆ పడవ ఇదేనా అండీ?”

నాన్న ఏదో గొణిగాడు. ‘సీసం’ అన్న ముక్క మాత్రం నాకు వినపడింది.

“ఏంటండీ?” అన్నాడాయన.

“గట్టిగా చెప్పు నాన్నా,” అన్నాను. తల తిప్పలేదు. నా చూపు పడవ మీదే ఉంది. “ఆయనకి వినపడలేదంట.”

దారం ఇంకో బారెడు వదిలాను. నాన్న వెళ్ళిపోయాడేమో అనుకున్నాను.

“ఈ పడవ కట్టింది మా అమ్మాయి!” అన్నాడు నాన్న. రేవులో పడవ లాగేటప్పుడు జనాన్ని పిలిచే గొంతు అది, చిన్నప్పుడు విన్నాను. “బాగానే కట్టింది. సీసం తీయించి చెడగొట్టింది నేను.”

మెట్ల మీద స్నానాలు చేస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు. ఒకావిడ సంచిలోంచి ఫోన్ తీస్తోంది. నాన్న వెనక్కి మళ్ళబోయాడు.

“ఆగు నాన్నా, ఆవిడ ఫోన్ తీస్తోంది,” అన్నాను. “తీశాక మళ్ళీ చెప్పు.”

ఆవిడ ఫోన్ పైకెత్తేదాకా ఆగి, నాన్న మళ్ళీ చెప్పాడు.